పేరు కలిస్తే పూర్వీకుడు దొరికినట్టేనా? వలస పాలన నాటి అమెరికాకు చేరిన జర్మన్ల జాడ

క్లుప్తంగా: 18వ శతాబ్దంలో జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి అమెరికాకు వెళ్లిన వారి గురించి కాగితాలు తక్కువేమీ లేవు. అయితే వాటిలో ఏదీ వంశచరిత్ర కోసం రాసింది కాదు. రాజవిధేయత కోసం ఒకటి, బాకీ లెక్క కోసం ఒకటి, పన్ను వసూలు కోసం ఇంకొకటి పుట్టాయి. ఏ కాగితం ఎవరి అవసరానికి పుట్టిందో తెలిస్తేనే అందులో ఎవరి పేరు ఉంటుందో, ఎవరిది ఉండదో అర్థమవుతుంది. పేరు ఒక్కదాన్నే పట్టుకుని సముద్రం దాటించిన వంశవృక్షాలు ఎక్కువగా తప్పుతున్నది ఇక్కడే.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 2026 జులై 4తో 250 ఏళ్లు. ఆ ప్రకటన కంటే ముందే ఆ నేల మీద అడుగుపెట్టిన తమ పూర్వీకుడు ఎవరు, ఏ ఊరి వాడు అనే ఆరా అక్కడి కుటుంబాల్లో ఎప్పుడూ ఉన్నదే. పాత రికార్డులు కంప్యూటర్ తెర మీదకు వచ్చాక అది మరింత పెరిగింది. ఆరా పెరిగినంతగా స్పష్టత మాత్రం పెరగలేదు. ఒకే జోహాన్ జార్జ్ మిల్లర్‌కు ఒక వంశవృక్షంలో పాలటినేట్‌లోని ఊరు, ఇంకొకదానిలో వుర్టెంబెర్గ్‌లోని ఊరు, మూడోదానిలో స్విట్జర్లాండ్‌లోని ఊరు జన్మస్థలంగా కనిపించడం మామూలైపోయింది. మూడింటికీ ఆధారం ఉందనే అంటారు. విప్పి చూస్తే ఆ ఆధారం చాలాసార్లు పేరు కలవడం ఒక్కటే.

## జర్మనీ అనే దేశం లేని కాలం

1871 వరకు జర్మనీ ఒకే రాజ్యం కాదు. 18వ శతాబ్దపు వలసదారు పాలటినేట్ ప్రభువుకో, వుర్టెంబెర్గ్ డ్యూక్‌కో, బాడెన్ పాలకుడికో, హెస్సె సంస్థానానికో ప్రజ. జర్మన్ మాట్లాడే ఆల్సేస్ వాసులు ఫ్రాన్స్ రాజు కింద, బెర్న్, జ్యూరిక్ ప్రాంతాల వారు స్విస్ కాంటన్ల కింద ఉండేవారు. ఇంగ్లిష్ గుమాస్తాలకు ఈ తేడాలతో పని లేదు. రైన్ నది మీదుగా వచ్చిన ప్రతివారినీ వారు 'పాలటైన్' అని రాసేశారు. అందువల్ల అమెరికా కాగితంలో ఆ మాట కనిపించినంత మాత్రాన ఆ మనిషి నిజంగా పాలటినేట్ వాడని తేల్చుకోవడానికి వీల్లేదు. 'పెన్సిల్వేనియా డచ్' అన్న మాటను చూసి హాలండ్ వైపు వెతకడమూ ఇలాంటి పొరపాటే. అక్కడ 'డచ్' అంటే 'డాయిచ్', అంటే జర్మన్ అని.

వలస ఒకేసారి వచ్చిన వరద కాదు. 1683లో క్రెఫెల్డ్ నుంచి వచ్చిన 13 కుటుంబాలు ఫిలడెల్ఫియా పక్కన జర్మన్‌టౌన్‌ను స్థాపించాయి. 1689లో ఫ్రెంచ్ సేనలు పాలటినేట్ పట్టణాలను తగలబెట్టడం, ఆ తర్వాత స్పెయిన్ వారసత్వ యుద్ధం, వాటి మీద 1708-09 నాటి భయంకరమైన చలి కలిసి రైన్ ప్రాంతాన్ని కుంగదీశాయి. 1709లో సుమారు 13,000 మంది లండన్ చేరి గుడారాల్లో తలదాచుకున్నారు. వారిలో దాదాపు 3,000 మందిని బ్రిటిష్ ప్రభుత్వం మరుసటి ఏడాది న్యూయార్క్‌కు తరలించి, హడ్సన్ నది ఒడ్డున నౌకాదళానికి కావలసిన తారు తీసే పనిలో పెట్టింది. ఆ పథకం ఫలించలేదు. గవర్నర్ రాబర్ట్ హంటర్ 1712లో దాన్ని ఆపేశాడు. కాని ఎవరికి ఎంత తిండి అప్పుగా ఇచ్చాడో రాసిపెట్టిన ఆయన లెక్కల పుస్తకం మిగిలింది. ఇంటి పెద్ద పేరు, పదేళ్లు దాటినవారు ఎందరు, దాటనివారు ఎందరు అన్న అంకెలు అందులో ఉంటాయి. కుటుంబంలోని ఒక బిడ్డ చనిపోయినా, ఒక బిడ్డ పదేళ్లు దాటినా ఆ అంకెలు మారతాయి. తిండి బాకీ కోసం వేసిన లెక్క మూడు వందల ఏళ్ల తర్వాత ఒక కుటుంబం ఎలా పెరిగిందో, ఎలా తరిగిందో చెబుతోంది.

తర్వాతి దశాబ్దాల్లో వలస ప్రధానంగా పెన్సిల్వేనియా వైపు మళ్లింది. 1749 నుంచి 1754 వరకు అది ఉచ్ఛదశలో సాగింది.

## ఫిలడెల్ఫియా రేవులో మూడు జాబితాలు

అమెరికాలో అన్ని రేవుల్లోనూ ప్రయాణికుల జాబితాలు క్రమబద్ధంగా ఇవ్వాలనే నియమం అమల్లోకి వచ్చింది 1820లోనే. అంతకుముందు న్యూయార్క్‌లోనో చార్లెస్టన్‌లోనో దిగిన మనిషికి ఓడ కాగితం దొరకడం అదృష్టం. ఫిలడెల్ఫియా మాత్రం ఇందుకు మినహాయింపు. ఆ మినహాయింపుకు కారణం భయం.

వేరే భాష మాట్లాడే, వేరే ప్రభువుల ప్రజలైన మనుషులు ఓడల కొద్దీ దిగుతుంటే ప్రాంతం చేజారుతుందేమోనని పెన్సిల్వేనియా ప్రొవిన్షియల్ కౌన్సిల్ కలవరపడింది. 1727 సెప్టెంబరులో, వచ్చే ప్రతి పరదేశి పురుషుడూ బ్రిటిష్ రాజుకు విధేయత ప్రకటించాలని నిర్ణయించింది. ఆ నెలలోనే 'విలియం అండ్ సారా' ఓడలో వచ్చినవారితో మొదలైన ఈ పద్ధతి 1775 వరకు 300కు పైగా ఓడలకు సాగింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక మళ్లీ మొదలై 1808 దాకా నడిచింది.

ఒక్కో ఓడకు మూడు జాబితాలు తయారయ్యేవి. మొదటిది ఓడ కెప్టెన్ ఇచ్చినది. రెండోది రాజుకు విధేయత ప్రకటించే ప్రమాణ పత్రం. మూడోది పోప్ అధికారాన్నీ, గద్దె కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశీయుడు బ్రిటిష్ సింహాసనం తనదంటున్న వాదననూ నిరాకరించే పత్రం. మొదటిదాన్ని ఇంగ్లిష్ చెవితో విన్న గుమాస్తా రాశాడు. చాలా ఓడలకు అది ఈనాడు మిగల్లేదు. మిగతా రెండింటి మీద సంతకాలు వలసదారులే పెట్టారు. ఒకే మనిషి పేరు కెప్టెన్ జాబితాలో ఒకలా, తన సంతకంలో ఇంకోలా ఉంటే సంతకాన్నే నమ్మాలి. చదువు రాని మనిషి మన పాత దస్తావేజుల్లోని నిశానీ లాంటి గుర్తు పెట్టేవాడు. కొందరు ఇంటూ గుర్తు పెట్టారు, హాన్స్ అన్నవాడు 'హెచ్' అక్షరం గీశాడు. ఆ గుర్తుకు ఇరువైపులా అతని పేరును గుమాస్తా పూరించాడు. ఆ పేరు వర్ణక్రమానికి అక్కడ విలువ తక్కువ, గుర్తు ఆకారానికి విలువ ఎక్కువ. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఆకారం ఒక వీలునామా కింద కనిపిస్తే ఇద్దరూ ఒకరేనని చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టు. 1934లో స్ట్రాస్‌బర్గర్, హింకె ఈ జాబితాలను మూడు సంపుటాలుగా ప్రచురించినప్పుడు ఒక సంపుటం మొత్తాన్ని సంతకాల నకళ్లకే కేటాయించడానికి కారణం ఇదే. చాలామంది వెతుకులాట సూచిక దగ్గరే ఆగిపోయి, ఆ సంపుటం దాకా వెళ్లదు.

ఈ జాబితాలు ఎందుకు పుట్టాయో గుర్తుంచుకుంటే వాటి లోపాలు వాటంతటవే తెలుస్తాయి. ప్రమాణం చేయవలసింది పదహారేళ్లు నిండిన పురుషులు. కాబట్టి స్త్రీలు, పిల్లలు సాధారణంగా లేరు. పదిహేనేళ్ల కుర్రాడు లేడు. జబ్బుపడి ఓడలోనే పడి ఉన్నవాడు సంతకం చేయలేదు. దారిలో తండ్రి చనిపోతే ఆ కుటుంబం జాబితాలో అసలు కనిపించకపోవచ్చు. స్వగ్రామం పేరు కౌన్సిల్‌కు అక్కర్లేదు, అందుకే అదీ లేదు. 'రోటర్‌డామ్ నుంచి, చివరిగా కౌస్ నుంచి' అని మాత్రం ఉంటుంది. బ్రిటిష్ నౌకాయాన చట్టాల ప్రకారం అమెరికా వెళ్లే ఓడ బ్రిటిష్ రేవులో సుంకం తనిఖీ చేయించుకోవాలి. కౌస్ అలాంటి మజిలీ. తమ వాళ్లు ఇంగ్లండ్ నుంచి వచ్చారని కొన్ని కుటుంబాల్లో చెప్పుకునే కథలకు మూలం ఆ మజిలీయే కావచ్చు.

## బాకీ పడ్డ ప్రయాణం

1750లో వుర్టెంబెర్గ్ నుంచి పెన్సిల్వేనియాకు వెళ్లిన గాట్లీబ్ మిట్టెల్‌బెర్గర్ రాసినదాని ప్రకారం, హైల్‌బ్రాన్ నుంచి హాలండ్ దాకా నది మీద 36 సుంకపు చావళ్లు దాటాలి. ప్రతిచోటా పడవ ఆగుతుంది, చేతిలోని డబ్బు కరుగుతుంది. ఆయన వలసను మాన్పించాలనే ఉద్దేశంతో రాసిన మనిషి. అతిశయోక్తి ఎక్కడైనా ఉంటే ఉండవచ్చు. రోటర్‌డామ్ చేరేసరికి ఓడ ఛార్జీకి డబ్బు చాలక అనేకులు అప్పు మీద ఎక్కారన్నది మాత్రం ఇతర కాగితాలూ చెప్పే మాటే. 'రిడెంప్షనర్' అని పిలిచిన ఈ పద్ధతిలో, ఫిలడెల్ఫియాలో ఎవరైనా ఆ బాకీ చెల్లించి, బదులుగా కొన్నేళ్ల చాకిరీ రాయించుకునేవారు. పిల్లలు 21 ఏళ్లు వచ్చేదాకా పనిచేయవలసి రావచ్చు.

జాడ తీసేవారికి దీనివల్ల ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒకే ఓడ దిగిన కుటుంబం నాలుగు ఇళ్లకు చెదిరిపోతుంది. తండ్రి ఒక కౌంటీలో, పెద్ద కూతురు ఇంకో కౌంటీలో తేలతారు. కాని అదే చెదిరిపోవడం ఒక అరుదైన ఆధారాన్నీ పుట్టించింది. క్రిస్టఫర్ సోవర్ 1739 నుంచి జర్మన్‌టౌన్‌లో నడిపిన జర్మన్ పత్రికలో, తప్పిపోయిన అన్ననో చెల్లెలినో వెతుకుతూ ఇచ్చిన ప్రకటనలు ఉన్నాయి. ఫలానా ఊరి నుంచి ఫలానా ఏడాది వచ్చాడు అని చెప్పకపోతే అలాంటి ప్రకటన వల్ల ఉపయోగం ఉండదు. అందుకే ప్రభుత్వ జాబితా మాటమాత్రంగానైనా చెప్పని ఊరి పేరు అక్కడ అచ్చయి దొరుకుతుంది.

## పేరు ఎలా మారింది

న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ దీవి కేంద్రంలో అధికారులు పేర్లు మార్చేశారన్న కథ వలస పాలన కాలానికి అసలు వర్తించదు. ఆ కేంద్రం తెరిచింది 1892లో. 18వ శతాబ్దంలో పేర్లు మెల్లగా, మూడు దారుల్లో మారాయి.

మొదటి దారిలో ధ్వని నిలిచింది, అక్షరాలు మారాయి. 1741లో 'యూరోపా' ఓడలో వచ్చిన హాన్స్ నికోల్ ఐసెన్‌హౌవర్ అమెరికా 34వ అధ్యక్షుడి పూర్వీకుడు. ఇంటిపేరు పలుకుబడి పెద్దగా మారలేదు. ఇంగ్లిష్ చదువరి అదే ధ్వనిని పలకగలిగేలా అక్షరాలు మాత్రమే మారాయి. రెండో దారిలో మాండలికం పనిచేసింది. 1738లో 'టూ సిస్టర్స్' ఓడలో వచ్చిన ఆండ్రియాస్ హూబర్ వంశం 'హూవర్' అయింది. రైన్ ప్రాంతపు పలుకులో రెండు అచ్చుల మధ్య పడిన 'బ' మెత్తబడి 'వ'కు దగ్గరవుతుంది. ఆ మాండలికంలో 'ప-బ', 'ట-డ', 'క-గ'ల మధ్య గీత చాలా పలచన. ఒకే అక్షరంతో 'ప', 'బ' రెండూ రాసే తమిళ లిపి తెలిసినవారికి ఈ గందరగోళం ఇట్టే అర్థమవుతుంది. సూచికలో 'బ' కింద దొరకని ఇంటిపేరును 'ప' కింద కూడా చూడాలి. మూడో దారి అనువాదం: జిమ్మర్‌మన్ కార్పెంటర్ అయ్యాడు, ష్వార్ట్జ్ బ్లాక్ అయ్యాడు. ఇవి ఒకే కుటుంబంలో కూడా కలిసి నడిచేవి. జర్మన్ చర్చి పుస్తకంలో పాత పేరు, ఇంగ్లిష్ కోర్టు కాగితంలో కొత్త పేరు.

మొదటి పేరు దగ్గర ఇంకో మడత ఉంది. తెలుగునాట అన్నదమ్ములందరికీ వెంకట అని ముందు పెట్టి, ఒకరిని సుబ్బారావు అనీ, ఒకరిని రమణయ్య అనీ పిలిచినట్టే, అక్కడ కొడుకులందరూ జోహాన్‌లే: జోహాన్ జార్జ్, జోహాన్ పీటర్, జోహాన్ మైకేల్. పిలిచేది రెండో పేరుతోనే. జోహాన్ జార్జ్ అమెరికా కాగితాల్లో జార్జ్ అవుతాడు. జాన్ కోసం వెతికితే దొరకడు. 'జోహాన్' వేరు, 'జోహానెస్' వేరు అన్నదీ మరచిపోకూడదు. జోహానెస్ అని రాస్తే సాధారణంగా అదే పిలుపు పేరు, అతడే ఇంగ్లిష్‌లో జాన్. ఆడవారి ఇంటిపేరుకు 'ఇన్' చేర్చే అలవాటు వల్ల ముల్లర్ ఇంటి స్త్రీ ముల్లరిన్ అయింది. దాన్ని వేరే ఇంటిపేరుగా ఎక్కించిన సూచికలు ఉన్నాయి. ఇక ఒక బిడ్డ చనిపోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టడం సర్వసాధారణం కాబట్టి, పేరు కలిసిన మొదటి బాప్తిస్మ నమోదు దగ్గర ఆగిపోతే చనిపోయిన అన్న పుట్టిన తేదీ బతికిన తమ్ముడికి అంటుకుంటుంది.

## చర్చి పుస్తకాలు, హాలే నుంచి గుంటూరు దాకా

అమెరికా వైపు స్వగ్రామం పేరు దొరికే అవకాశం ఎక్కువ ఉన్నది చర్చి పుస్తకాల్లోనే. ఆ పుస్తకం ఉంటుందా లేదా అన్నది ఆ కుటుంబపు మతశాఖ మీద ఆధారపడుతుంది. లూథరన్, రిఫార్మ్‌డ్ శాఖలు శిశువులకు బాప్తిస్మం ఇస్తాయి కాబట్టి తల్లి పేరుతో, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లతో సహా నమోదు ఉంటుంది. మెనోనైట్లు శిశు బాప్తిస్మాన్ని ఒప్పుకోరు. వారి కోసం భూమి పత్రాలు, వీలునామాలు, కుటుంబ బైబిళ్లు చూడవలసిందే. మొరావియన్లు 1741లో పెన్సిల్వేనియాలో బెత్లెహేమ్ అనే పట్టణం స్థాపించాక, ప్రతి సభ్యుడి మరణానంతరం చదివేందుకు జీవితకథ రాసిపెట్టుకునేవారు. పుట్టిన ఊరితో మొదలయ్యే ఆ కథలు దొరికినవారికి సగం శ్రమ తప్పినట్టే.

తొలి దశాబ్దాల్లో పాస్టర్లు చాలా తక్కువ. జాన్ కాస్పర్ స్టోవర్ గుర్రం మీద ఊరూరా తిరుగుతూ ఇచ్చిన బాప్తిస్మాలను తన సొంత పుస్తకంలో రాసుకున్నాడు. అందువల్ల ఒక కుటుంబపు నమోదు దగ్గరి చర్చిలో కాకుండా పాస్టరు పుస్తకంలో ఉండవచ్చు. 1742లో హెన్రీ మెల్కియోర్ ముహ్లెన్‌బర్గ్ వచ్చాక లూథరన్ చర్చిలు ఒక క్రమంలో పడ్డాయి. 1748లో లూథరన్ పాస్టర్ల సంఘమైన పెన్సిల్వేనియా మినిస్టీరియం ఏర్పడింది. ముహ్లెన్‌బర్గ్‌ను పంపింది జర్మనీలోని హాలే నగరపు ఫ్రాంకె సంస్థ. తెలుగు పాఠకులకు ఆ ఊరు కొత్త కాదు. మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను 1740లలో అచ్చు వేయించింది అక్కడే. అదే పెన్సిల్వేనియా మినిస్టీరియం పంపగా జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. వలసదారుల ఆత్మల సంరక్షణ కోసం నెలకొన్న యంత్రాంగం ఆ వలసదారుల నమోదులతో పాటు గుంటూరు మిషన్‌కూ మాతృక అయింది.

## ఒంటరిగా కాదు, ఊరుగా వెతకడం

ఒక ఊరి వాళ్లు కలిసి బయలుదేరి, కలిసి ఓడ ఎక్కి, పక్కపక్క పొలాలు కొనుక్కోవడం ఈ వలసలో ప్రధాన లక్షణం. అందుకే అనుభవం ఉన్న పరిశోధకులు ఒక మనిషిని కాకుండా అతని చుట్టూ ఉన్నవారిని వెతుకుతారు: ప్రమాణ జాబితాలో పైన, కింద ఉన్న పేర్లు, పొలం సరిహద్దుల్లో పేర్కొన్న ఇరుగుపొరుగు, బిడ్డలకు జ్ఞాన తల్లిదండ్రులు, వీలునామాకు సాక్షులు. ముల్లర్ ఎన్ని ఊళ్లలోనైనా ఉంటాడు. కాని అతని పక్కన పదేపదే కనిపించే అరుదైన ఇంటిపేరు ఒకటి రెండు ఊళ్లలోనే ఉంటుంది. ఆ అరుదైన పేరు చూపించిన ఊళ్లో ముల్లర్‌ను వెతకడం తెలివైన దారి.

దిగిన చోటు, స్థిరపడిన చోటు ఒకటి కానక్కర్లేదు. ఆండ్రియాస్ హూబర్ పాలటినేట్‌లోని ఎల్లెర్‌స్టాట్ నుంచి ఫిలడెల్ఫియాకు వచ్చాడు, మేరీల్యాండ్‌లో పొలం చేశాడు, చివరికి ఉత్తర కరోలినాకు వెళ్లాడు. పెన్సిల్వేనియాలో భూమి ధర పెరిగేకొద్దీ జర్మన్ కుటుంబాలు లోయల వెంట దక్షిణానికి సాగిన దారి అదే. ఉత్తర కరోలినాలోని మనిషికి అక్కడి రేవుల్లో ఓడ వెతికితే దొరకకపోవడానికి కారణమూ అదే.

## అటు ఒడ్డున

నైరుతి జర్మనీలో చాలామంది రైతులు ప్రభువుకు కట్టుబానిసల్లాంటి స్థితిలో ఉండేవారు. ఊరు విడవాలంటే విముక్తి రుసుము కట్టాలి, ఆస్తిలో సుమారు పదో వంతు నిష్క్రమణ పన్నుగా చెల్లించాలి. ఆ వసూలు లెక్కల్లో పేరు, ఊరు, ఆస్తి విలువ, 'పెన్సిల్వేనియాకు' అన్న మాట కలిసి కనిపిస్తాయి. చెప్పకుండా పారిపోయినవారికి ఆ కాగితం ఉండదు, కాని దశాబ్దాల తర్వాత తల్లిదండ్రులు చనిపోయినప్పుడు ఆస్తి పంపకంలో, దేశం విడిచిన కొడుకు వాటా ప్రస్తావన రావచ్చు. కొందరు పాస్టర్లు బాప్తిస్మ నమోదు పక్క మార్జిన్‌లో 'కొత్త భూమికి వెళ్లాడు' అని రాసి వదిలారు. పెన్సిల్వేనియాను దీవి అనుకుని అలాగే రాసినవారూ ఉన్నారు.

ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాల కోసం 2015 నుంచి ఆర్కియాన్ అనే చందా వేదిక, క్యాథలిక్ పుస్తకాల కోసం మాట్రికులా అనే ఉచిత వేదిక ఉన్నాయి. పుస్తకం తెర మీద కనిపించినా లిపి అడ్డుపడుతుంది. కుర్రెంట్ అనే ఆ చేతిరాతలో 'ఇ' (e), 'ఎన్' (n) అక్షరాలు ఒకేలా నిటారు గీతలుగా ఉంటాయి. 'యు'ను గుర్తుపట్టడానికి పైన చిన్న వంపు గీసేవారు, అది కూడా తొందరలో మరచిపోయేవారు. తేదీలతోనూ జాగ్రత్త అవసరం. ప్రొటెస్టెంట్ జర్మన్ రాజ్యాలు 1700లోనే కొత్త క్యాలెండరుకు మారగా, బ్రిటిష్ వలస ప్రాంతాలు 1752లో మారాయి. ఆ రెండు సంవత్సరాల మధ్య రెండు ఒడ్డుల తేదీలకూ 11 రోజుల తేడా. పైగా బ్రిటిష్ సంవత్సరం అప్పటివరకు మార్చి 25న మొదలయ్యేది.

డీఎన్‌ఏ పరీక్ష ఇక్కడ చేయగలిగింది పరిమితం. ఎనిమిది తరాల వెనక ఒక మనిషికి 256 మంది పూర్వీకుల స్థానాలు ఉంటాయి. ఒక్కొక్కరి నుంచి సగటున అర శాతం కూడా రాదు, కొందరి నుంచి ఏమీ రాకపోవచ్చు. మెనోనైట్ల వంటి సమూహాలు తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు చేసుకున్నందువల్ల దూరపు బంధువు దగ్గరివాడిలా కనిపిస్తాడు. తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మారకుండా సాగే వై క్రోమోజోమ్ మాత్రం, అటు ఊళ్లోనే ఉండిపోయిన అదే ఇంటిపేరు వ్యక్తితో పోల్చగలిగితే, కాగితాల వాదనను బలపరచగలదు.

జర్మన్ ఊరి పుస్తకంలో పేరు, వయసు, భార్య పేరు అన్నీ కలిసిన నమోదు దొరికాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. అదే పుస్తకంలో ఓడ ఎక్కిన సంవత్సరం తర్వాతి పేజీలను తిప్పి, వివాహాలు, బాప్తిస్మాలు, ఖననాలు చూడాలి. ఆ మనిషి 1760లో ఇంకా అక్కడే బిడ్డకు పేరు పెట్టిస్తూనో, ఊరి శ్మశానంలో ఖననమవుతూనో కనిపిస్తే, 1749లో ఫిలడెల్ఫియాలో ప్రమాణం చేసిన మనిషి వేరొకడు. ఎన్నో ఏళ్లుగా నకలు మీద నకలుగా తిరుగుతున్న వంశవృక్షాల్లో కొన్ని ఈ ఒక్క పేజీ దగ్గరే కూలిపోతాయి. ఆ పేజీ దాకా వెళ్లినవారు తక్కువ.